ఈత రాని చెక్కడములు

రాతికి ఈత రాదని తెలిసికొనుటకు పాండిత్యము అక్కరలేదు. కాని పోర్చుగల్ దేశమున ఒకప్పుడు ఈ సామాన్యమైన మాటయే ఒక నదీలోయను ముంపునుండి తప్పించుటకు తోడ్పడినది.

ఆ దేశపు ఈశాన్యభాగమున కోవా యను చిన్న నది ఉత్తరముగా ప్రవహించి డోరో నదిలో కలియుచున్నది. దాని గట్లపై పలకరాతి బండలు గోడలవలె నిలిచియున్నవి. వానిపై అడవియెడ్లు, గుఱ్ఱములు, కొండమేకలు, దుప్పులు చెక్కబడియున్నవి. ఆదిమానవుడు మొనదేలిన రాతితో పొడిచి గుంటలను వరుసగా తీర్చెను. కొన్నింటిని రాచి గాడిగా మార్చెను. మఱికొన్నిచోట్ల వెంట్రుకవంటి సన్నని గీతలు గీసెను. పెనష్కోజా అను తావున ఒక గుఱ్ఱమునకు మూడు తలలు కనిపించును. అది వింతజంతువు కాదు. తల కదల్చుచున్న గుఱ్ఱమును కదలని రాతిపై చూపుటకు శిల్పి కనిపెట్టిన ఉపాయము.

ఈ చెక్కడముల సంగతి 1994 నవంబరులో లోకమునకు వెల్లడియైనది. అప్పటికే ఆ నదిపై విద్యుదుత్పాదనకై పెద్ద ఆనకట్ట పని సాగుచుండెను. అది పూర్తియైనచో బండలన్నియు నీట మునుగును. ఆనకట్టవలన పని దొరకునని ఆశించిన స్థానికులును గలరు. నీటి అడుగున చెక్కడములు భద్రముగనే యుండునని వాదించినవారును గలరు.

సరిగా ఆ కాలముననే లిస్బన్ పరిసరముల యువకులు పాడిన ‘నదార్’, అనగా ‘ఈదుట’, అను పాట దేశమంతట మారుమ్రోగుచుండెను. అది రాప్ అను లయబద్ధమైన వచనగానము. విద్యార్థులు ఆ పాట ధోరణినే అందుకొని ‘చెక్కడములకు ఈత రాదు’ అను నినాదమును లేవదీసిరి. పండితుల వ్యాసములు చేరని ఇండ్లకు ఆ చిన్న వాక్యము చేరినది. 1995 అక్టోబరు ఎన్నికలలో ప్రభుత్వము మారినది. నవంబరులో క్రొత్త ప్రభుత్వము పని నిలిపివేసెను.

నినాదము జనులను కదల్పగలదు గాని కాలనిర్ణయము చేయజాలదు. చెక్కడములు అంత ప్రాచీనములు కావని కొందఱు నిపుణులు 1995లోనే వాదించిరి. రాతిగీతకు వయస్సు కట్టుట కష్టమే. అయితే ఫరిజేవు అను తావున 1999లో త్రవ్వగా, చెక్కిన బండను హిమయుగమునాటి మట్టిపొరలు కప్పియుండుట కనబడెను. పైని కప్పిన మట్టికంటె క్రింది బొమ్మ పాతదగుట నిశ్చయము గదా! వీనిలో ప్రాచీనమైనవి 20,000 సంవత్సరములకు పైబడినవని నేటి పరిశోధకుల నిర్ణయము. 1998లో యునెస్కో ఈ లోయను ప్రపంచవారసత్వముగా గుర్తించెను. 2010లో అచట వస్తుప్రదర్శనశాల తెఱువబడెను.

మనవారికి ఈ సమస్య క్రొత్త కాదు. నాగార్జునసాగరమున మునుగనున్న లోయలో 1954 మొదలు 1960 వఱకు త్రవ్వకములు జరిగెను. అచటి శిల్పములను, కట్టడములలో కొన్నింటిని ఎత్తైన తావులకు తరలించి నిలిపిరి. ఇటుకను, చెక్కిన పలకను పెకలించి మోయవచ్చును. కొండలో భాగమైన బండను ఎట్లు మోయగలము? పైగా కోవాశిల్పి ఏ నీటిరేవున మృగములను చూచెనో ఆ రేవుననే వానిని చెక్కెను. బొమ్మకు లోయయే చట్రము.

కోవా నిలిచినది గాని విద్యుత్తు అవసరము తీరలేదు. తరువాతి కాలమున దానికి బదులుగా సమీపమందలి సబోర్ నదిపై ఆనకట్ట కట్టిరి. మఱియొక లోయ నీట మునిగినది. ఏది నిలుపవలెను, ఏది విడువవలెను అను ప్రశ్న ప్రతి తరమునకును తప్పదు. ప్రశ్న జనుల నోట పలుకవలెను. సమాధానమునకు మట్టిపొరల సాక్ష్యము కావలెను. కోవాలోయలో ఈ రెండును లభించినవి.