రెండు వందల గీత

కరెంటు పొదుపు మీద ఇరవై ఏళ్లుగా సాగుతున్న ప్రచారానికి దొరకని పట్టు బిల్లులోని ఒక్క అంకెకు దొరికింది. అయితే ఆ అంకె ఎవరితో పొదుపు చేయిస్తోంది? ఎవర్ని వదిలేస్తోంది?

నెల మూడో వారం దాటిందంటే చాలు, తెలంగాణలో రేషన్ కార్డున్న చాలా ఇళ్లలో చూపు మీటరు మీదికి మళ్లుతుంది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద వీరికి 200 యూనిట్ల వరకూ సున్నా బిల్లు వస్తోంది. ఒక్క యూనిట్ ఎక్కువైనా మొత్తం బిల్లు నెత్తిన పడుతుంది. 2022-23లో రాష్ట్రంలో అమల్లోకి వచ్చిన టారిఫ్‌తో లెక్కేస్తే, 201 యూనిట్లకు ఇంధన చార్జీయే 1,027 రూపాయలు దాటుతుంది. మిగతా చార్జీలు దీనికి అదనం. పథకం వర్తించని వారికీ ఈ గీత దగ్గర దెబ్బ తప్పదు. 200 యూనిట్లకు 820 రూపాయలయ్యే చార్జీ మరొక్క యూనిట్‌తో 200 రూపాయలకు పైగా పెరుగుతుంది. రీడింగ్ తీసే మనిషి రెండు రోజులు ఆలస్యమైతే గృహిణులు కంగారు పడేది ఇందుకే.

ఢిల్లీలో ఈ గీతను 2019 ఆగస్టులోనే గీశారు. అక్కడ 200 యూనిట్ల వరకూ ఉచితం. 201 నుంచి 400 వరకూ వాడితే సగం సబ్సిడీ, అదీ 800 రూపాయలకు మించకుండా.

2001లో ఇంధన పొదుపు చట్టం వచ్చింది. మరుసటి ఏడాది ఇంధన సామర్థ్య బ్యూరో ఏర్పడింది. ఏటా డిసెంబరు 14న పోస్టర్లు, ర్యాలీలు, బడిపిల్లలకు చిత్రలేఖనం పోటీలు మామూలే. వాటితో అవగాహన పెరగలేదని కాదు. కానీ దేశం కోసం స్విచ్ కట్టేసేవారి కంటే వెయ్యి రూపాయల కోసం కట్టేసేవారే ఎక్కువ. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు.

చిక్కల్లా ఏ స్విచ్ కట్టేయాలన్న దగ్గరే. నాన్నలు ఇప్పటికీ కేకలేసేది లైటు గురించే. 60 వాట్ల బల్బుల కాలంలో అది న్యాయమైన కోపం. దాదాపు 17 గంటలు వెలిగితే ఒక యూనిట్ అయ్యేది. 2015లో మొదలైన ఉజాలా పథకం కింద 36 కోట్లకు పైగా ఎల్ఈడీ బల్బులు ఇళ్లకు చేరాక లెక్క మారిపోయింది. 9 వాట్ల బల్బు ఒక యూనిట్ తాగాలంటే నాలుగున్నర రోజులు ఆర్పకుండా వెలగాలి. అదే 2,000 వాట్ల గీజర్ అరగంట నీళ్లు కాచిందంటే యూనిట్ అయిపోయినట్టే. 1,500 వాట్లు లాగే ఏసీకి 40 నిమిషాలు చాలు. రిమోట్‌తో ‘ఆపేసిన’ సెట్‌టాప్ బాక్స్ గోడ దగ్గర స్విచ్ కట్టేయనంతసేపూ మేలుకునే ఉంటుంది. 10 వాట్ల చొప్పున లాగినా నెలకు ఏడు యూనిట్లు. లైటు కంటికి కనిపిస్తుంది కాబట్టి తిట్లన్నీ దానికే.

ఫ్యాన్ల సంగతీ అంతే. 75 వాట్ల పాత ఫ్యాన్లు మూడు రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 81 యూనిట్లు. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే 33 లోపే. గీతకు అటూ ఇటూ ఊగే ఇంటిని ఇటువైపు నిలబెట్టడానికి ఇదొక్కటి చాలు. కానీ ఆ ఫ్యాను ధర మామూలు దానికి దాదాపు రెట్టింపు. పొదుపు చేయాలన్నా ముందు పెట్టుబడి కావాలి.

రెండు వందల గీతలోని లోపం ఇక్కడే బయటపడుతుంది. 120 యూనిట్ల ఇంటికి గీత దూరం, కాబట్టి తగ్గించాల్సిన తొందర లేదు. 600 యూనిట్ల ఇల్లు దాన్ని ఎప్పుడో దాటేసింది. మధ్యలో ఉన్నవారే రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. రేకుల ఇంట్లో మే నెల మధ్యాహ్నం తిరిగే ఫ్యాను దుబారా కాదు. దాన్ని ఆపించే పొదుపు పొదుపే కాదు. 2024 మే 30న దేశంలో విద్యుత్ డిమాండ్ 250 గిగావాట్లకు చేరింది. ఎండాకాలపు ఇలాంటి శిఖరాలకు ప్రధాన కారణాల్లో ఒకటి ఏసీలు. హితబోధ అవసరం ఎవరికో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఏసీల విషయంలో ప్రభుత్వం తెలివైన దారి పట్టింది. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలన్నది నిబంధన. ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అవుతుందన్నది బ్యూరో అంచనా. అయితే 18కి దించడానికి రిమోట్ చేతిలోనే ఉంది. 20 డిగ్రీల కంటే దిగువకు వెళ్లకుండా కట్టడి చేస్తామని 2025 జూన్‌లో కేంద్ర విద్యుత్ మంత్రి మనోహర్ లాల్ ప్రకటించగానే వాదోపవాదాలు చెలరేగాయి. అలవాటు ఎంత బలమైనదో చెప్పడానికి అవి చాలు.

డబ్బుకు లొంగనివారు పక్కింటికి లొంగుతారా? కాలిఫోర్నియాలోని శాన్ మార్కోస్‌లో పరిశోధకులు ఇదే చూశారు. ఇరుగుపొరుగు సగటు ఎంతో తెలిశాక ఎక్కువ వాడేవారు తగ్గించారు. తక్కువ వాడేవారు మాత్రం పెంచేశారు! ఆ రెండో రకం వారికి కాగితం మీద ఓ నవ్వు బొమ్మ గీసి పంపితే ఆ పెరుగుదల ఆగింది. 2007లో వెలువడిన ఈ ఫలితాల బాటలోనే అమెరికాలో లక్షల ఇళ్లకు ఇలాంటి లేఖలు వెళ్లాయి. సగటున తగ్గింది 2 శాతమే. అయినా ఖర్చు కాగితానికీ తపాలాకే కాబట్టి చవకబేరమే. ఢిల్లీలో బీఎస్ఈఎస్ రాజధాని సంస్థ 2018లో సుమారు రెండు లక్షల ఇళ్లతో ఈ పద్ధతిని ప్రయత్నించింది.

కర్ణాటక పక్కింటిని వదిలేసి మనిషిని తన నిన్నటితోనే పోల్చింది. 2023లో అక్కడి గృహజ్యోతిని తెచ్చినప్పుడు, ఆ ఇంటి 2022-23 సగటు వాడకానికి 10 శాతం కలిపి, 200 యూనిట్లకు మించకుండా ఉచిత పరిమితి పెట్టారు. పరిమితి దాటినా మొత్తం 200 లోపే ఉంటే అదనపు యూనిట్లకే డబ్బు. ఒక్క యూనిట్‌కే మొత్తం బిల్లు మీద పడే తెలంగాణ పద్ధతి కంటే ఇది న్యాయంగా కనిపిస్తుంది. కాకపోతే అంతకుముందు నుంచే పొదుపుగా బతికిన ఇంటికి దక్కిందీ తక్కువే.

దేశవ్యాప్తంగా 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు పెట్టాలన్న పథకానికి 2021లో కేంద్రం ఆమోదం తెలిపింది. ఏ రోజు ఎన్ని యూనిట్లు కాలాయో వీటితో ఫోన్‌లోనే చూసుకోవచ్చు. నిరుడు ఇదే నెలలో ఈ ఇల్లు ఎన్ని యూనిట్లు వాడిందో స్పాట్ బిల్లు మీద ఒక వరుస అచ్చేయడానికి మాత్రం ఏ స్మార్ట్ మీటరూ అక్కర్లేదు. ఆ లెక్క డిస్కంల కంప్యూటర్లలో ఉన్నదే.