దెబ్బల లెక్క

1891లో గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ అనే అమెరికన్ భూవిజ్ఞాన శాస్త్రవేత్త అరిజోనా ఎడారిలో ఉన్న ఒక పెద్ద గుంతను పరిశీలించడానికి వెళ్ళాడు. దాని వెడల్పు 1.2 కిలోమీటర్లు, లోతు 170 మీటర్లు. చుట్టుపక్కల ఇనుప ఉల్కల ముక్కలు చెదిరి ఉన్నాయి. ఆకాశం నుంచి పెద్ద ఇనుప ముద్ద పడి ఈ గుంత ఏర్పడితే, ఆ ముద్ద దీని అడుగునే ఉండాలని ఆయన అనుకున్నాడు. అందుకు రెండు పరీక్షలు పెట్టాడు. అడుగున అంత ఇనుముంటే అయస్కాంత సూచిక పక్కకు తిరగాలి. తిరగలేదు. లోపల ముద్ద కూరుకుని ఉంటే, చుట్టూ గట్టుగా పేరుకున్న రాయీ మట్టీ గుంతను పూడ్చగా ఇంకా మిగలాలి. మిగల్లేదు, సరిగ్గా సరిపోయింది. భూమి లోపలి ఆవిరి పేలడం వల్లే గుంత పడిందని తేల్చి తిరిగివచ్చాడు.

మరుసటి ఏడాది అదే గిల్బర్ట్ వాషింగ్టన్‌లోని నౌకాదళ వేధశాల నుంచి చంద్రుణ్ణి చూశాడు. చంద్రుడి మీది బిలాలు అగ్నిపర్వతాల నోళ్ళేనని అప్పట్లో శాస్త్రవేత్తల్లో చాలామంది నమ్మకం. వాటి ఆకారం అగ్నిపర్వతాలది కాదని, బయటినుంచి వచ్చిపడ్డ వస్తువుల దెబ్బలేనని ఆయన 1893లో రాశాడు. అంత దూరాన ఉన్న చంద్రుణ్ణి సరిగ్గా చదివిన మనిషికి కాళ్ళకింది గుంత అంతుపట్టలేదు. దీన్ని ఆయన లోపంగా నేను చూడను. అడగవలసిన ప్రశ్నలే అడిగాడు. అంత వేగంతో వచ్చే వస్తువు నేలను తాకినప్పుడు ఏమవుతుందో అప్పటికి ఎవరికీ సరిగా తెలియదు, అంతే.

గాలి ఆపలేనంత పెద్ద వస్తువు భూమిని ఢీకొంటే, దాని వేగం సెకనుకు 11 కిలోమీటర్లకు తగ్గదు. గ్రహశకలాలైతే సుమారు 20 కిలోమీటర్ల వేగంతో వస్తాయి. ఆ వేగంలో ఒక్క కిలో రాయిలో 20 కోట్ల జౌళ్ళ శక్తి ఉంటుంది. కిలో టీఎన్‌టీ పేలితే వచ్చేది దాదాపు 42 లక్షల జౌళ్ళే. అంటే ఆ రాయి తనంత బరువున్న పేలుడు మందుకు 48 రెట్ల బలంతో పేలుతుంది. తాకిన చోటునుంచి ఆఘాత తరంగం బయలుదేరి, గట్టి రాతిని కాసేపు ద్రవంలా ప్రవహింపజేస్తుంది. వచ్చిపడ్డ వస్తువులో చాలాభాగం కరిగి, ఆవిరై, చెల్లాచెదురవుతుంది. దానికంటే పది ఇరవై రెట్లు వెడల్పైన గుంత మిగులుతుంది. గిల్బర్ట్ వెతికిన ఇనుప ముద్ద అడుగున లేకపోవడానికి కారణం ఇదే. సుమారు 50,000 ఏళ్ళ క్రితం పడిన ఆ ముద్ద వెడల్పు 50 మీటర్లకు అటూఇటూగా ఉంటుందని నేటి అంచనా.

గిల్బర్ట్‌ను వేధించిన ఇంకో చిక్కు కూడా దీంతోనే విడిపోయింది. ఏటవాలుగా వచ్చి పడేవే ఎక్కువైనప్పుడు చంద్రబిలాలు దాదాపు అన్నీ గుండ్రంగా ఎందుకున్నాయి? పేలుడు అన్ని దిక్కులకూ సమంగా విస్తరిస్తుంది కాబట్టి, వస్తువు ఏ దిక్కునుంచి వచ్చినా గుంత గుండ్రంగానే తెరుచుకుంటుంది. నేలను రాసుకుపోయేంత తక్కువ కోణంలో వచ్చినవే కోలగా గీసుకుపోతాయి.

అరిజోనా గుంతకు తిరుగులేని సాక్ష్యం 1960లో దొరికింది. నెవాడాలో అణు పరీక్షలు మిగిల్చిన గుంతలను అధ్యయనం చేసిన యూజీన్ షూమేకర్ అనే భూవిజ్ఞాన శాస్త్రవేత్త, తన సహచరులతో కలిసి అరిజోనా గుంత రాతిలో కోయెసైట్ ఉన్నట్టు చూపాడు. మామూలు క్వార్ట్జ్‌ను గాలి పీడనానికి 20,000 రెట్లకు మించి నొక్కితే తయారయ్యే ఖనిజం అది. 1953లో లోరింగ్ కోస్ దాన్ని ప్రయోగశాలలో చేసి చూపించాడు. నేలమీద ఏ అగ్నిపర్వతమూ అంత పీడనం పుట్టించలేదు.

మన దగ్గర మహారాష్ట్రలోని బుల్ధానా జిల్లాలో లోణార్ సరస్సు ఉంది. దాదాపు 1.8 కిలోమీటర్ల వెడల్పున్న ఈ బిలం దక్కన్ నల్లరాతిలో, అంటే బసాల్ట్‌లో పడింది. వికారాబాద్, జహీరాబాద్ ప్రాంతాలదాకా పరుచుకున్నది ఆ లావా రాయే. బసాల్ట్‌లో మామూలుగా క్వార్ట్జ్ ఉండదు కనుక ఇక్కడ కోయెసైట్ మీద ఆధారపడటం కష్టం. దానికి బదులు మాస్కెలినైట్ దొరికింది. ఫెల్డ్‌స్పార్ స్ఫటికం కరగకుండానే, కేవలం ఆఘాతం వల్ల గాజుగా మారితే అది ఏర్పడుతుంది. 1973లో ఈ సాక్ష్యాలు ప్రచురితమయ్యాక లోణార్ మీద అనుమానం తొలగింది. చంద్రుడి మీది నల్లటి మైదానాలు కూడా బసాల్టే. అక్కడి రాయి దెబ్బకు ఎలా మారుతుందో నేలమీదే పట్టి చూడగల అరుదైన చోటు లోణార్. దానికి దక్కవలసిన పేరు మన పాఠ్యపుస్తకాల్లో దక్కలేదనే నా బాధ.

ఇక ఈ బిలాలను నిజంగా విలువైనవిగా చేసింది వాటి సంఖ్య. కొత్తగా అలికిన ముంగిట్లో చినుకులు మొదలైతే, ఎన్ని మచ్చలు పడ్డాయో చూసి వాన ఎంతసేపటినుంచి కురుస్తోందో చెప్పవచ్చు. వాన జోరు తెలిసుంటేనే సుమా. లావా పారి పాత గుంతలన్నీ పూడిపోయిన మైదానం మీద కొత్త గుంతలు అలాగే ఒక్కొక్కటిగా చేరతాయి. ఎక్కువ ఉంటే పాత నేల, తక్కువ ఉంటే కొత్త నేల. అయితే ఎన్ని కోట్ల ఏళ్ళన్నది చెప్పాలంటే ఎక్కడో ఒకచోట రాయిని చేతిలోకి తీసుకుని, రేడియోధార్మిక మూలకాల క్షయాన్ని కొలిచి వయసు తేల్చాలి. అపోలో యాత్రలు తెచ్చిన 382 కిలోలు, సోవియట్ లూనాలు తెచ్చిన కొద్దిపాటి మట్టి ఆ పని చేశాయి. కానీ ఆ లావా రాళ్ళ వయసులన్నీ 300 కోట్ల సంవత్సరాలకు పైమాటే. అక్కడినుంచి ఇటు వంద కోట్ల దాకా, గుంతల సంఖ్యకు వయసును జోడించే గీతకు అప్పట్లో ఆధారమే లేకపోయింది. 2020 డిసెంబరులో చైనా చాంగ్-ఎ-5 తెచ్చిన 1.7 కిలోల మట్టిలోని లావా వయసు 200 కోట్ల సంవత్సరాలని తేలింది. శాస్త్రవేత్తలు అంతకుముందు గీసుకున్న గీత పెద్దగా తప్పలేదు.

ఈ లెక్కలో ఒక మోసమూ ఉంది. పెద్ద దెబ్బ తగిలినప్పుడు ఎగిరిన రాళ్ళు దూరంగా పడి మళ్ళీ చిన్న గుంతలు చేస్తాయి. వాటిని ఏరి పక్కన పెట్టకపోతే నేల వయసు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఆ ఎగిరిన మట్టే ఒక్కోసారి మేలు కూడా చేస్తుంది. శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-3 దిగిన చోట దాని ప్రజ్ఞాన్ రోవర్ మట్టిని పరీక్షిస్తే, మెగ్నీషియం ఎక్కువున్న పదార్థం కలిసినట్టు కనిపించింది. 2,500 కిలోమీటర్ల వెడల్పున్న దక్షిణధ్రువ-ఐట్కెన్ బిలం పుట్టినప్పుడు లోతుల నుంచి ఎగిరిపడ్డ పదార్థం కావచ్చని మన శాస్త్రవేత్తల వివరణ.

చంద్రుణ్ణి దాటి చూస్తే, శుక్రుడి మీద వెయ్యికి దగ్గరగా బిలాలున్నాయి, చిన్నవి అసలే లేవు. దట్టమైన గాలి చిన్న రాళ్ళను నేల చేరనివ్వదు. గురుడి చందమామ అయోను అగ్నిపర్వతాలు ఎడతెగకుండా పూతపూస్తుంటాయి కనుక దానిమీద ఒక్క దెబ్బ గుర్తూ కనిపించదు. బుధుడి మీది బిలాలకు కళాకారుల పేర్లు పెట్టడం అంతర్జాతీయ ఖగోళ సంఘం నియమం. అందులో త్యాగరాజస్వామి పేరుతో సుమారు వంద కిలోమీటర్ల బిలం ఉంది. మెసెంజర్ నౌక తీసిన చిత్రాల్లో దాని అడుగున తళతళలాడే, లోతు తక్కువున్న పల్లాలు కనిపించాయి. అక్కడి పదార్థమేదో ఆవిరైపోగా నేల కుంగి అవి ఏర్పడ్డాయని భావిస్తున్నారు. వాటిమీద కొత్త దెబ్బలు దాదాపు లేవు. అంటే బిలం ఎంత పాతదైనా దాని అడుగున పని ఇటీవలి దాకా, బహుశా ఇప్పటికీ సాగుతోందన్నమాట.

అంగారకుడి దగ్గరకు వచ్చేసరికి లెక్క తడబడుతుంది. 2021 డిసెంబరు 24న అక్కడ దిగి ఉన్న ఇన్‌సైట్ నౌకలోని భూకంపమాపకం ఒక పెద్ద కుదుపును పట్టుకుంది. తరువాత కక్ష్యలోని నౌక తీసిన చిత్రాల్లో 150 మీటర్ల కొత్త బిలం, దాని చుట్టూ ఎగిరిపడ్డ మంచుగడ్డలు కనిపించాయి. దెబ్బలు ఇప్పటికీ పడుతున్నాయి. కానీ అక్కడ ఫలానా మైదానానిదని కచ్చితంగా చెప్పగల రాయి ఒక్కటీ మన ప్రయోగశాలల్లో లేదు. చంద్రుడి గీతనే అంగారకుడికి తగ్గట్టు సవరించి వాడుకుంటున్నారు. అందువల్ల కొన్ని మైదానాల వయసు రెండింతలు అటో ఇటో కావచ్చు. 45 కిలోమీటర్ల జెజెరో బిలం అడుగున పర్సెవరెన్స్ రోవర్ అగ్నిశిలల నుంచి ముక్కలు తొలిచి గొట్టాల్లో భద్రపరిచింది. అవి ఇంకా అంగారకుడి మీదే ఉన్నాయి. వాటిలో ఒక్క ముక్క వయసు తేలినా చాలు, ఆ గ్రహం మీద ఏ నది ఎప్పుడు పారిందో, ఏ లావా ఎప్పుడు చల్లారిందో చెప్పే తేదీలన్నీ మళ్ళీ లెక్కవేయవలసి వస్తుంది.