కమతం చిన్నది, ట్రాక్టరు పెద్దది!

దేశంలో సేద్యపు కమతాలు తరం తరానికీ చిన్నవవుతున్నాయి. ఆ కమతాలను దున్నే యంత్రాలు మాత్రం నానాటికీ పెద్దవవుతున్నాయి. 1970-71 వ్యవసాయ గణన నాటికి సగటు కమతం విస్తీర్ణం 2.28 హెక్టార్లు. 2015-16 గణన నాటికి అది 1.08 హెక్టార్లకు, అంటే రెండున్నర ఎకరాల పైచిలుకుకు పడిపోయింది. మొత్తం కమతాలలో 86 శాతం చిన్న, సన్నకారు రైతులవే. అయినా ప్రపంచంలోకెల్లా అత్యధిక సంఖ్యలో ట్రాక్టర్లు కొంటున్న దేశం మనదే. 2022-23 ఆర్థిక సంవత్సరంలో దేశీయ విపణిలో అమ్ముడుపోయిన ట్రాక్టర్లు తొమ్మిది లక్షలు దాటాయి. వాటిలో అత్యధిక భాగం 30 నుంచి 50 అశ్వశక్తి మధ్య తరగతివి.

రెండున్నర ఎకరాలకు 45 అశ్వశక్తి యంత్రం దేనికన్న ప్రశ్నకు ఆర్థిక శాస్త్రంలో ఒక సమాధానం, గ్రామంలో మరొక సమాధానం లభిస్తాయి. తొలకరి పడిన మూడు రోజుల్లో విత్తకపోతే పదును ఆరిపోతుంది. అద్దె ట్రాక్టరు ఆ మూడు రోజుల్లో పెద్ద రైతుల పొలాలన్నీ తిరిగి, ఆ తర్వాతగానీ చిన్న రైతు గట్టు మీదికి రాదు. ఈ నిరీక్షణ నుంచి తప్పించుకోవడానికే చాలామంది ట్రాక్టరు కొనాలని ఉబలాటపడతారు. ఇంటి ముందు ట్రాక్టరు ఉంటే అప్పు పుట్టడం, పెళ్ళి సంబంధాలు కుదరడం తేలికవుతాయన్న భావన కూడా దీనికి తోడవుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యవసాయ ట్రాక్టర్లపై వస్తుసేవల పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గడంతో ధర కొంత దిగి వచ్చింది. ధర తగ్గినంత మాత్రాన ఎంపికలోని పొరపాటు చౌక కాదు.

గంటల లెక్క

ట్రాక్టరు కొనదలచిన రైతు మొట్టమొదట వేసుకోవలసిన లెక్క అశ్వశక్తి గురించి కాదు, గంటల గురించి. ఏడు లక్షల రూపాయల ట్రాక్టరును ఉదాహరణకు తీసుకుందాం. పదేళ్ళు వాడి, చివరకు కొన్న ధరలో పదోవంతుకు అమ్మితే ఏడాదికి తరుగుదల 63,000 రూపాయలు. సగటు పెట్టుబడి 3,85,000 రూపాయలపై పది శాతం వడ్డీ 38,500. బీమా, షెడ్డు వంటి వాటికి మరో 8,500 వేసుకుంటే మొత్తం 1,10,000 రూపాయలు. చుక్క డీజిలు పోయకపోయినా, ఒక్క చాలు దున్నకపోయినా ఏటా భరించక తప్పని వ్యయం ఇది.

ఈ వ్యయాన్ని ఎన్ని గంటల పనిమీద పంచగలమన్నదే అసలు ప్రశ్న. వెయ్యి గంటలు తిరిగితే గంటకు 110 రూపాయలు పడుతుంది. 500 గంటలయితే 220. ఎకరాకు పంటకు ఐదు గంటల పని చొప్పున, రెండు పంటలు పండించే ఐదెకరాల రైతుకు సొంత పొలంలో దొరికే పని 50 గంటలే. అప్పుడు గంటకు 2,200 రూపాయలు పడుతుంది. డీజిలు, డ్రైవరు కూలి, మరమ్మతులు దీనికి అదనం.

ఇదే లెక్కను మరోవిధంగా చూడవచ్చు. అద్దె ట్రాక్టరు గంటకు 1,000 రూపాయలనీ, సొంత ట్రాక్టరుకు డీజిలు, డ్రైవరు, మరమ్మతుల ఖర్చు గంటకు 600 రూపాయలనీ అనుకుంటే, కొన్నందువల్ల గంటకు మిగిలేది 400. ఏడాది స్థిరవ్యయం 1,10,000 రాబట్టాలంటే 275 గంటల పని ఉండాలి. అంటే రెండు పంటలు పండే 27 ఎకరాలకు పైగా సొంత సేద్యమన్నా ఉండాలి, లేదా ఆ మేరకు అద్దె పనులన్నా దొరకాలి. అదే ఐదెకరాల రైతు అద్దెకు పిలిపించుకుంటే ఏడాదికయ్యేది 50,000, కొనుక్కుంటే 1,40,000. ఊరూరికీ అంకెలు మారవచ్చు. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే. ఊళ్ళో ఇప్పటికే పది ట్రాక్టర్లు అద్దెకు తిరుగుతుంటే పదకొండవ దానికి పని ఎక్కడిదన్న ప్రశ్నకు కొనుగోలుకు ముందే సమాధానం దొరకాలి.

అశ్వశక్తి అంటే ఏది?

కొనాలని నిశ్చయించుకున్న తర్వాత రెండో మెట్టు శక్తి ఎంపిక. కంపెనీ ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది ఇంజను అశ్వశక్తి. రోటవేటరును, నూర్పిడి యంత్రాన్ని తిప్పేది వెనుక ఉండే పి.టి.ఓ. షాఫ్టు ద్వారా అందే శక్తి. ఇది సాధారణంగా ఇంజను శక్తిలో 85 శాతం ప్రాంతంలో ఉంటుంది. నాగలిని లాగే శక్తి ఇంకా తక్కువ. చక్రాలు జారడంవల్ల కొంత శక్తి నేల పాలవుతుంది. ఒకే అశ్వశక్తిగల రెండు ట్రాక్టర్లలో ఒకటి తేలిగ్గా లాగిన నాగలిని మరొకటి మూలుగుతూ లాగడానికి బరువు, టైర్లు, గేర్ల అమరిక కారణాలు.

ఈ తేడాలను తెలుసుకునే మార్గం రైతులకు అందుబాటులోనే ఉంది. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో 1955లో ఏర్పడిన కేంద్ర వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి నివేదికలు ఇస్తుంది. హర్యానాలోని హిస్సార్, అనంతపురం జిల్లా గార్లదిన్నె, అస్సాంలోని విశ్వనాథ్ చారియాలీలలో కూడా ఇటువంటి కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. పి.టి.ఓ. శక్తి, లాగుడు బలం, గంటకు ఇంధన వినియోగం, హైడ్రాలిక్ లిఫ్టు ఎత్తగల బరువు, పరీక్ష తర్వాత విడిభాగాల అరుగుదల వంటివన్నీ ఈ నివేదికల్లో ఉంటాయి. డీలరును రంగుల కరపత్రానికి బదులు పరీక్షా నివేదిక అడిగే రైతులు అరుదు. అడిగినవారు మోసపోవడం కూడా అరుదే.

ట్రాక్టరుకు తగిన పనిముట్టును వెతకడం కంటే, పనిముట్టుకు తగిన ట్రాక్టరును ఎంచుకోవడం ఉత్తమం. ఐదడుగుల రోటవేటరుకు 35 నుంచి 40 అశ్వశక్తి, ఆరడుగుల దానికి 45 నుంచి 50 అశ్వశక్తి అవసరమవుతుంది. 50 అశ్వశక్తి దాటితే మరో అంశాన్ని గమనించాలి. ఆ తరగతికి 2023 జనవరి నుంచి కఠినతరమైన ఉద్గార ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. దానితో ఇంజను పరిజ్ఞానం సంక్లిష్టమైంది, ధర పెరిగింది, వీధి మెకానిక్కు చేసే మరమ్మతుకు అవకాశం తగ్గింది.

నేలను బట్టి యంత్రం

గోదావరి, కృష్ణా డెల్టాల మాగాణుల్లో దమ్ము చేసే ట్రాక్టరుకు బరువే శత్రువు. రెండు టన్నుల యంత్రం మెత్తటి బురదలో కూరుకుపోతుంది. ఏటా అదే లోతున తిరిగితే అడుగున గట్టిపొర ఏర్పడుతుంది. నాసిక్ ద్రాక్షతోటల్లో సమస్య వెడల్పు. వరసల మధ్య దూరి తిరగాలంటే 15 నుంచి 25 అశ్వశక్తి మధ్య ఉండే చిన్న ట్రాక్టర్లే అనుకూలం. పత్తి చేలలో అంతరకృషికీ, పండ్లతోటల్లో మందు చల్లడానికీ ఇవి పనికివస్తాయి. లోతు దుక్కికీ, బరువైన ట్రక్కు లాగడానికీ ఇవి చాలవు. నల్లరేగడి నేలల్లో వేసవి దుక్కులకు మధ్యతరగతి ట్రాక్టరు తప్పదు.

కేరళ, పశ్చిమ బెంగాల్, ఒడిశా, అస్సాంలలో చిన్న మడులున్న చోట పవర్ టిల్లరు నిలదొక్కుకుంది. జపాను కంపెనీల సహకారంతో బెంగళూరులోనూ, కేరళలోని ఆతానిలోనూ వీటి తయారీ దశాబ్దాల కిందటే మొదలైంది. ధర ట్రాక్టరు ధరలో చిన్న భాగం. గట్లు దాటించడం తేలిక. అయితే శ్రమ సంగతి మరువరాదు. రెండడుగుల వెడల్పున దున్నే టిల్లరు వెనుక ఒక ఎకరాకు మనిషి నడవవలసిన దూరం ఆరున్నర కిలోమీటర్లకు పైమాటే. అది కూడా బురదలో, అదిరే హ్యాండిలు పట్టుకుని. వయసు మీరిన రైతు దీనిని కొనే ముందు నడిపేదెవరో నిర్ణయించుకోవాలి.

పొరుగు దేశాల దారి

చిన్న కమతాలకు పెద్ద యంత్రాలే శరణ్యమన్న వాదనకు బంగ్లాదేశ్ అనుభవం దీటైన జవాబు. 1988 నాటి వరదల్లో పశువులు పెద్ద సంఖ్యలో నశించిన దరిమిలా అక్కడి ప్రభుత్వం దిగుమతి ఆంక్షలను సడలించింది. పన్నెండు అశ్వశక్తి ప్రాంతంలో ఉండే చైనా పవర్ టిల్లర్లు వెల్లువెత్తాయి. నేడు ఆ దేశంలో దుక్కి పనిలో అత్యధిక భాగం వీటితోనే సాగుతోంది. ప్రతి రైతూ యంత్రం కొనలేదు. ఊరికి కొందరు కొన్నారు, మిగిలినవారు డబ్బిచ్చి దున్నించుకుంటున్నారు. అవే ఇంజన్లు నీళ్ళు తోడుతాయి, ధాన్యం నూరుస్తాయి, పడవలు నడుపుతాయి. ఏడాది పొడవునా పని దొరుకుతున్నందునే యజమానికి గిట్టుబాటవుతోంది.

శ్రీలంకలో రెండు చక్రాల ట్రాక్టరును నేటికీ ఒక పాత బ్రిటిష్ కంపెనీ పేరుతో 'ల్యాండ్ మాస్టర్' అనే పిలుస్తారు. పొలంలో దుక్కి, రోడ్డుమీద ట్రాలీ, రెండూ దానిదే. నేపాల్ తరాయి మైదానాలలో భారతీయ ట్రాక్టర్లు తిరుగుతుండగా, కొండ లోయల మడుల్లో రెండు చక్రాల టిల్లర్లు పనిచేస్తున్నాయి. ఒకే దేశంలో నేలను బట్టి యంత్రం మారడాన్ని అక్కడ స్పష్టంగా గమనించవచ్చు.

రాని నాలుగు చక్రాల బండి

అమెరికా, న్యూజీలాండ్, ఆస్ట్రేలియా పచ్చికబయళ్ళలో రైతుకు కుడిభుజం ఎ.టి.వి. అనబడే నాలుగు చక్రాల తేలికపాటి మోటారు వాహనం. మందలను మళ్ళించడానికి, కంచెలు చూసుకోవడానికి, దాణా మోయడానికి అది అనువైనది. మన సేద్యంలో దానికి స్థానం దొరకలేదు. ఇక్కడ రైతుకు కావలసింది దుక్కి బలం; దానికి ఉన్నది పరుగు. 2020 డిసెంబరులో పొలారిస్ సంస్థ ఒక ఎ.టి.వి.ని ట్రాక్టరు తరగతిలో ఆమోదం పొంది, రోడ్డుపై తిరగగల వాహనంగా భారత విపణిలో ప్రవేశపెట్టింది. ధర దాదాపు ఎనిమిది లక్షలు, ఇంజను పెట్రోలుది. అదే సొమ్ముకు డీజిలు ట్రాక్టరు దొరుకుతున్నప్పుడు సామాన్య రైతు దానివైపు చూడలేదు.

అంతకుముందే అదే సంస్థ ఐషర్‌తో కలిసి జైపూర్‌లో తయారుచేసిన 'మల్టిక్స్' 2015 జూన్‌లో వచ్చింది. కుటుంబాన్నీ, సరుకునూ మోయడంతోపాటు మూడు కిలోవాట్ల విద్యుత్తును ఇవ్వగలగడం దాని విశేషం. ఆశించిన ఆదరణ లభించక 2018లో ఆ ఉమ్మడి సంస్థ మూతపడింది. నాలుగు పనులు కొద్దికొద్దిగా చేసే యంత్రం కంటే, ఒక పనిని పూర్తిగా చేసి మిగతావాటికి అక్కరకొచ్చే యంత్రానికే పల్లె ఓటు వేసింది. కొనేటప్పుడు కంపెనీ మనుగడను, విడిభాగాల లభ్యతను కూడా బేరీజు వేయాలనడానికి ఇదొక ఉదాహరణ. కోత రోజుల్లో బేరింగు కోసం జిల్లా కేంద్రానికి పరుగెత్తవలసివచ్చే ట్రాక్టరు ఎంత మంచిదైనా ఒకటే, కాకపోయినా ఒకటే.

అప్పు, అద్దె

వాయిదాలు పంట చేతికొచ్చే నెలలకు కుదిరాయా లేదా అన్నది వడ్డీ రేటంత ముఖ్యం. నెలనెలా కట్టవలసిన వాయిదా, ఆరు నెలలకొకసారి వచ్చే ఆదాయం రెండూ పొసగవు. ట్రక్కు, రోటవేటరు, గొర్రు, దమ్ముచక్రాలు అన్నీ కలిపి లెక్కవేసి అప్పు చేయాలి. లేకుంటే ట్రాక్టరుకు బ్యాంకులోనూ, పనిముట్లకు వడ్డీ వ్యాపారి దగ్గరా రెండప్పులు మిగులుతాయి. వ్యవసాయానికని రిజిస్టరు చేయించిన బండిని ఇసుకకో, ఇటుకలకో కిరాయికి తిప్పితే ప్రమాదం జరిగిననాడు బీమా కంపెనీ చేతులెత్తేసే అవకాశం ఉంది.

కొనుగోలుకు ప్రత్యామ్నాయంగా కేంద్రం 2014-15లో వ్యవసాయ యాంత్రీకరణ ఉపపథకం కింద అద్దె యంత్ర కేంద్రాలకు సబ్సిడీ ఇవ్వనారంభించింది. ఇవి బాగా నడిచిన చోట చిన్న రైతుకు ట్రాక్టరు అవసరమే తీరిపోతుంది. నడవని చోట సబ్సిడీ ట్రాక్టరు ఒక పెద్ద రైతు షెడ్డులో నిలుస్తుంది. తొలకరి వరసలో మొదటి గట్టు ఎవరిదన్న తగవును తీర్చే నియమం లేని కేంద్రం, రైతును మళ్ళీ డీలరు గుమ్మానికే పంపుతుంది.

పది కమతాల రైతులు ఒక ట్రాక్టరును ఉమ్మడిగా కొని, వాడే వరసను ముందే కాగితంమీద రాసుకుంటే 275 గంటల లెక్కను చేరుకోవడం తేలికవుతుంది. ఒంటరిగా కొనే రైతుకు ఆ లెక్క తేలనిదే బయానా ఇవ్వడం తగదు. ట్రాక్టరు పొలాన్ని దున్నాలి గాని, వాయిదాల కోసం పొలమే అమ్ముడుపోయే పరిస్థితి రాకూడదు.