బిల్డింగ్‌ని వినొచ్చా?

వినొచ్చు! ఇయానిస్ జెనాకిస్ అనే గ్రీకు ఇంజినీరు వినిపించాడు కూడా.

ఏథెన్స్ వీధి పోరాటాల్లో ట్యాంకు గుండు ముక్క తగిలి ఆయనకు ఒక కన్ను పోయింది. 1947లో పారిస్‌కి పారిపోయి, లె కార్బుజియె ఆఫీసులో చేరాడు. అవును, మన చండీగఢ్‌ని డిజైన్ చేసిన ఆయనే. పగలంతా కాంక్రీటు లెక్కలు, మనసంతా సంగీతం. కానీ ముప్పై దగ్గర పడుతోంది. మళ్లీ మొదటినుంచీ నేర్చుకోవాలా? అక్కర్లేదు, నీకొచ్చిన గణితాన్నీ ఆర్కిటెక్చర్‌నీ సంగీతంలో వాడుకోమన్నాడు ఒలివియె మెస్సియాన్.

అంతే! గ్రాఫ్ పేపరు మీద అడ్డంగా కాలం, నిలువుగా స్వరం. ఒక్కో వయొలిన్ ఒక్కో సరళరేఖ వెంట జారుతుంది. గీతలన్నీ కలిస్తే వంపు కనిపిస్తుంది. 1955లో తొలిసారి వాయించిన 'మెటాస్టాసిస్' కథ ఇదే. 1958 బ్రస్సెల్స్ ఎక్స్‌పోలో ఫిలిప్స్ పెవిలియన్ గోడలూ అదే సూత్రంతో లేచాయి. క్రెడిట్ మాత్రం బాస్‌కే వెళ్లబోయింది. జెనాకిస్ పట్టుబట్టి తన పేరు చేర్పించుకున్నాడు. 1959లో ఆ ఆఫీసుతో బంధం తెగింది. అప్పట్నుంచి సంగీతమే ప్రధానం. 1987లో నాలుగు సాక్సొఫోన్ల కోసం రాసిన దానికి 'సాక్స్'ని తిరగేసి 'క్సాస్' అని పేరు పెట్టాడు.

నాకూ ముప్పై దగ్గరపడింది. 'ఇప్పుడేం నేర్చుకుంటాంలే' అని గిటార్‌ని మూలన పెట్టేశా. ఇది చదివాక దుమ్ము దులిపా.

పెవిలియన్‌ని ఎక్స్‌పో అయ్యాక కూల్చేశారు. 'మెటాస్టాసిస్' మాత్రం యూట్యూబ్‌లో ఉంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కళ్లు మూసుకోండి. గోడ వంపు తిరగడం వినిపిస్తుంది.