మైలుకు ఎనిమిది మీటర్లు

అమెరికాలో సహకార సంఘాలు కాని కరెంటు సంస్థలు మైలు దూరం తీగ లాగితే దాని మీద సగటున 32 మీటర్లు తిరుగుతాయి. విద్యుత్ సహకార సంఘం లాగిన మైలు తీగ మీద తిరిగేవి ఎనిమిదే. ఆ మైలు మీద ఏడాదికి వసూలయ్యే సొమ్ము వాళ్లకు సుమారు 79 వేల డాలర్లయితే వీళ్లకు 19 వేలు. ఖర్చు దగ్గరకు వచ్చేసరికి ఈ తేడా కనిపించదు. గాలివానకు స్తంభం కూలితే కొత్త స్తంభం ధర పల్లెకైనా పట్నానికైనా ఒకటే. లైన్‌మన్ జీతమూ అంతే. పైగా పల్లెలో అతను ఆ స్తంభం దాకా వెళ్లడానికే గంట పడుతుంది.

ఇలాంటి సంఘాలు ఆ దేశంలో దాదాపు 900 ఉన్నాయి. వాటి కరెంటు వాడుకునేవాళ్లు 4 కోట్ల 20 లక్షల మంది, అంటే దేశ జనాభాలో ఎనిమిదో వంతు. కానీ పంపిణీ లైన్లలో 42 శాతం ఈ సంఘాలవే, దేశ భూభాగంలో 56 శాతానికి కరెంటు ఇచ్చేదీ ఇవే. జనం తక్కువ, తీగ ఎక్కువ. ఏ షావుకారుకు చూపించినా ఇది మునిగిపోయే వ్యాపారమనే చెబుతాడు. అయినా తొంభై ఏళ్లుగా నడుస్తోంది.

షావుకార్లు అప్పట్లో నిజంగానే ఆ మాట చెప్పారు. 1930ల మధ్యలో అమెరికా పట్టణాల్లో పదింట తొమ్మిది ఇళ్లకు కరెంటు ఉంటే, రైతుల ఇళ్లలో పదింట ఒక్కదానికే ఉండేది. 1935 మే 11న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ గ్రామీణ విద్యుదీకరణ సంస్థను ఏర్పాటు చేశారు. మరుసటి ఏడాది చట్టం వచ్చింది. తక్కువ వడ్డీకి దీర్ఘకాలిక అప్పు ఇస్తాం, ముందుకు రండి అని పిలిచినా ప్రైవేటు కంపెనీలు పెద్దగా కదల్లేదు. రైతులు కదిలారు. చాలాచోట్ల తలకు ఐదు డాలర్ల సభ్యత్వ రుసుము వేసుకుని సంఘం కట్టారు.

టెక్సస్‌లోని పెడర్నాలిస్ సంఘం లెక్క చూస్తే విషయం బాగా తెలుస్తుంది. అది రాళ్లూ గుట్టలూ ఉన్న ప్రాంతం. మైలుకు కనీసం మూడు ఇళ్లుంటేనే అప్పు అన్నది అప్పటి నిబంధన. అక్కడ అన్ని ఇళ్లు లేవు. ఆ ప్రాంతం నుంచి కాంగ్రెస్‌కు ఎన్నికైన లిండన్ జాన్సన్, తర్వాతి కాలంలో అధ్యక్షుడైన ఆయనే, నేరుగా రూజ్‌వెల్ట్ దగ్గరకు వెళ్లి ఆ నిబంధనను సడలింపజేశారు. 1938లో మంజూరైన అప్పు 13 లక్షల 22 వేల డాలర్లు. దానితో వేయాల్సిన లైను 1,830 మైళ్లు, వెలుగు అందాల్సిన కుటుంబాలు 2,892. భాగించి చూడండి: మైలుకు ఒకటిన్నర ఇల్లు. మైలు లైనుకు అయ్యేది 722 డాలర్లు, ఒక్కో కుటుంబం మీద పడే అప్పు 457 డాలర్లు. నేడు అదే సంఘంలో నాలుగు లక్షలకు పైగా మీటర్లున్నాయి. దేశంలోని విద్యుత్ సహకార సంఘాలన్నింటిలోకీ అదే పెద్దది.

మిగులు ఎవరిది?

ప్రైవేటు కంపెనీకి లాభం వస్తే వాటాదారులకు డివిడెండుగా పోతుంది. ఇక్కడ వేరే వాటాదారులెవరూ లేరు, బిల్లు కట్టేవాళ్లే యజమానులు. ఖర్చులన్నీ పోను మిగిలినదాన్ని ఎవరు ఎంత కరెంటు కొన్నారో ఆ దామాషాలో వాళ్ల పేర్ల మీదే రాస్తారు. వీటిని క్యాపిటల్ క్రెడిట్స్ అంటారు.

ఊహకు ఒక లెక్క వేసుకుందాం. సంఘం ఏడాది ఆదాయం 10 కోట్ల డాలర్లు, ఖర్చు తొమ్మిదిన్నర కోట్లు. మిగులు 50 లక్షలు, అంటే ఐదు శాతం. మీరు నెలకు 200 చొప్పున ఏడాదిలో 2,400 డాలర్లు కట్టారనుకోండి. మీ ఖాతాలో 120 డాలర్లు జమ అవుతాయి.

అయితే ఆ 120 వెంటనే చేతికి రావు. సంఘం ఆ సొమ్ముతో స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు కొంటుంది, సబ్‌స్టేషన్ కడుతుంది. చాలా సంఘాల్లో అది తిరిగి రావడానికి ఇరవై ఏళ్లో అంతకు మించో పడుతుంది. ధరలు ఏటా రెండున్నర శాతం పెరిగాయనుకుంటే, ఇరవై ఏళ్ల తర్వాత చేతికొచ్చే 120 డాలర్ల విలువ నేటి లెక్కలో 73. అసలు పేరు పెట్టాలంటే ఇది సభ్యులు సంఘానికి ఇచ్చే వడ్డీ లేని అప్పు. బ్యాంకు అప్పు ఆ మేరకు తగ్గుతుంది కాబట్టి బిల్లూ ఆ మేరకు అదుపులో ఉంటుందన్నది సంఘాల వాదన. సబబే, కాకపోతే చేరేటప్పుడు ఈ సంగతి సభ్యుడికి విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. అన్ని సంఘాలూ కలిసి ఏటా వంద కోట్ల డాలర్లకు పైగా ఇలా సభ్యులకు తిరిగి ఇస్తున్నాయి.

ఇది మన తెలుగువాళ్లకు దూరపు విషయమేమీ కాదు. డాలస్ ఉత్తరాన ఫ్రిస్కో, ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్ వైపు స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో కోసర్వ్ సభ్యులు. 1937లో డెంటన్ కౌంటీ రైతుల కోసం పుట్టిన సంఘం అది. ఇప్పుడు దాని మీటర్లు మూడు లక్షలు దాటాయి. ఆస్టిన్ పక్కన లియాండర్, సీడర్ పార్క్‌లలో ఇల్లు కొన్నవాళ్లలో చాలామంది పెడర్నాలిస్ సభ్యులు. టెక్సస్‌లో 2002 నుంచి ఎక్కువ ప్రాంతాల్లో కరెంటు అమ్మే కంపెనీని వినియోగదారుడే ఎంచుకోవచ్చు. సంఘం పరిధిలో ఇల్లు కొంటే సాధారణంగా ఆ ఎంపిక ఉండదు. ఒకే ఫ్రిస్కోలో ఒక వీధివాళ్లు ఏడాదికోసారి ప్లాన్లు పోల్చి చూసుకుంటుంటే, మరో వీధివాళ్లు ఆ బాధ లేకుండా సంఘం రేటే కడుతుంటారు. ఎంపిక పోయినందుకు బదులుగా వీళ్లకు దక్కింది ఓటు. దాన్ని వాడుకుంటున్నారా అన్నది ముందు ముందు చూద్దాం.

చిల్లర లెక్క

ఊరి కోసం ఈ సంఘాలు చేసే పనుల్లో బాగా పేరొచ్చింది ‘ఆపరేషన్ రౌండప్’. 1989లో సౌత్ కరోలైనాలోని పాల్మెటో సంఘం మొదలుపెట్టింది. బిల్లు 142 డాలర్ల 37 సెంట్లు వస్తే 143 కడతారు. ఆ 63 సెంట్లు ఒక నిధికి వెళ్తాయి. నెలకు ఎంత పోయినా 99 సెంట్లు దాటదు కాబట్టి ఏడాదికి గరిష్ఠంగా 11 డాలర్ల 88 సెంట్లు. సగటున నెలకు అర డాలరు వేసుకున్నా ఏడాదికి ఆరు డాలర్లు. లక్ష మంది సభ్యులుంటే ఆరు లక్షల డాలర్లు. ఇల్లు కాలిపోయిన కుటుంబానికి, ఊళ్లోని అగ్నిమాపక దళానికి, పిల్లల చదువుకు ఈ డబ్బు ఇస్తారు. వందల సంఘాలు ఈ పద్ధతిని అందుకున్నాయి. కొన్నిచోట్ల వద్దని రాసిస్తే తప్ప ప్రతి సభ్యుడినీ ఇందులో చేర్చేస్తారు. నాకు నచ్చనిది అదొక్కటే. అడిగితే కాదనేవాళ్లు ఎందరుంటారు గనక?

పల్లెలకు ఇంటర్నెట్ ఫైబర్ లాగడంలోనూ చాలా సంఘాలు దిగాయి. స్తంభాలు తమవే, దారి హక్కు తమదే. మైలుకు ఎనిమిది ఇళ్లున్న చోటికి టెలికాం కంపెనీలు రాకపోవడానికి కారణం 1930ల నాటిదే.

నష్టమూ మనదే

మిగులు సభ్యులదైనప్పుడు నష్టం కూడా వాళ్లదే అవుతుంది. ఇది 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌కు తెలిసొచ్చింది. మంచు తుపానుకు విద్యుత్ కేంద్రాలు, గ్యాస్ లైన్లు గడ్డకట్టాయి. మామూలు రోజుల్లో టోకు మార్కెట్‌లో యూనిట్ సగటున రెండు మూడు సెంట్లుండే కరెంటు ధర గరిష్ఠ పరిమితికి, అంటే యూనిట్‌కు తొమ్మిది డాలర్లకు చేరింది. దాదాపు నాలుగు రోజులు అక్కడే నిలిచింది.

బ్రాజోస్ ఎలక్ట్రిక్ అనేది 16 పంపిణీ సంఘాలు కలిసి కరెంటు ఉత్పత్తికి, కొనుగోలుకు పెట్టుకున్న పెద్ద సంఘం. 2020 ఏడాది మొత్తానికి సభ్య సంఘాల నుంచి దానికి రావలసింది సుమారు 77 కోట్ల డాలర్లు. తుపాను వారం గడిచాక గ్రిడ్ నిర్వాహక సంస్థ దానికి పంపిన బిల్లులు 210 కోట్ల డాలర్లు దాటాయి. ఆ 16 సంఘాల మీద ఆధారపడ్డ జనం సుమారు 15 లక్షలు. తలకు 1,400 డాలర్లు, ఒకే వారానికి! ఈ భారాన్ని సభ్యుల నెత్తిన వేయలేమంటూ మార్చి 1న బ్రాజోస్ దివాలా పిటిషన్ వేసింది. 2022 చివర్లో రాజీ కుదిరింది. బాకీలో కొంత ఒకేసారి, కొంత ఏళ్ల తరబడి విడతలుగా కట్టాలి. విద్యుత్ కేంద్రాలు అమ్మేసి ఉత్పత్తి వ్యాపారం నుంచే తప్పుకోవాల్సి వచ్చింది. ప్రైవేటు కంపెనీ దివాలా తీస్తే వాటాదారుడు మునుగుతాడు, వినియోగదారుడు ఇంకో కంపెనీకి మారిపోతాడు. ఇక్కడ ఆ ఇద్దరూ ఒకరే.

ఓటు ఎవరు వేస్తున్నారు?

కట్టే బిల్లు వంద డాలర్లయినా లక్ష డాలర్లయినా సభ్యుడికి ఒకటే ఓటు. సహకార సూత్రాల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఇదే. కానీ ఇన్‌స్టిట్యూట్ ఫర్ లోకల్ సెల్ఫ్ రిలయన్స్ అనే సంస్థ 2016లో వేసిన లెక్క ప్రకారం పదింట ఏడు సంఘాల్లో బోర్డు ఎన్నికల పోలింగ్ పది శాతం కూడా లేదు. మూడు లక్షల మంది సభ్యులున్న సంఘంలో పది శాతం అంటే 30 వేల ఓట్లు. 15 వేల పైచిలుకు ఓట్లు తెచ్చుకున్నవాళ్లు మూడు లక్షల మంది బిల్లు నిర్ణయిస్తారు.

యజమాని పట్టించుకోకపోతే ఏమవుతుందో పెడర్నాలిస్‌లోనే చూశారు. బోర్డు సభ్యులే తమ వారసులను ఎంచుకునే ధోరణి అక్కడ ఏళ్ల తరబడి సాగింది. 2007లో కొందరు సభ్యులు కోర్టుకెక్కారు. తవ్వుతుంటే డబ్బు దారి మళ్లిన సంగతి బయటపడింది. 2010 డిసెంబరులో మాజీ జనరల్ మేనేజరును జ్యూరీ దోషిగా తేల్చింది. ఎన్నికల పద్ధతి మారింది, బోర్డు సమావేశాల తలుపులు తెరుచుకున్నాయి. ఇదంతా మొదలైంది లెక్కలు చూపించమని అడిగిన పిడికెడు మంది వల్ల.

సిరిసిల్ల సెస్

అమెరికా సంఘాల జాతీయ సమాఖ్య నిపుణుల సాయంతో మన దేశంలోనూ ఈ పద్ధతిని ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టారు. 1969 జులై 25న గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఆర్ఈసీ ఏర్పడింది. దాని అప్పుతో మొదట ఐదు సంఘాలు పుట్టాయి: గుజరాత్‌లో కొడినార్, కర్ణాటకలో హుక్కేరి, మహారాష్ట్రలో మూలా-ప్రవర, ఉత్తరప్రదేశ్‌లో లక్నో, మన దగ్గర సిరిసిల్ల. తర్వాత అనకాపల్లి, చీపురుపల్లి, కుప్పం వంటి చోట్లా ఏర్పడ్డాయి. మూలా-ప్రవర బకాయిల్లో కూరుకుపోయి 2011లో రాష్ట్ర విద్యుత్ సంస్థ చేతికి పోయింది. సిరిసిల్ల, హుక్కేరి నిలిచాయి.

సిరిసిల్ల విద్యుత్ సంఘాన్ని జనం సెస్ అనే అంటారు. 1970 నుంచి నడుస్తోంది. వరంగల్ కేంద్రంగా ఉన్న ఉత్తర తెలంగాణ డిస్కం దగ్గర టోకున కరెంటు కొని ఇళ్లకు, వ్యవసాయ బోర్లకు, మరమగ్గాలకు అమ్ముతుంది. అమెరికా సంఘంతో పోలిస్తే తేడా రెండుచోట్ల ఉంది. అక్కడ చాలా రాష్ట్రాల్లో రేటు నిర్ణయించేది సంఘం బోర్డే. ఇక్కడ కొనే ధరా, అమ్మే ధరా విద్యుత్ నియంత్రణ మండలి చేతిలో ఉంటాయి. రెండోది, 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు. ఆ ఖర్చు ప్రభుత్వం సబ్సిడీగా ఇవ్వాలి, అది ఆలస్యమైతే సంఘం డిస్కంకు బాకీ పడుతుంది. మరమగ్గాల రాయితీదీ అదే దారి. కొనుగోలు ధర, అమ్మకం ధర, సబ్సిడీ వచ్చే తేదీ, మూడూ సంఘం చేతిలో లేవు. అలాంటప్పుడు లాభనష్టాలకు బోర్డును ఎంతవరకు తప్పుపట్టగలం?

ఓటు దగ్గర మాత్రం మనవాళ్లది వేరే పోకడ. 2022 డిసెంబరులో 15 మంది డైరెక్టర్ల కోసం జరిగిన సెస్ ఎన్నికల్లో పార్టీలు అసెంబ్లీ ఎన్నికల స్థాయిలో మోహరించాయి. అమెరికాలో ఎవరికీ పట్టదు, ఇక్కడ అందరికీ పట్టింపే. కాకపోతే పట్టింపు పార్టీ జెండా మీద ఉంటుంది. లైను నష్టం ఎంత, కాలిన ట్రాన్స్‌ఫార్మరు ఎన్ని గంటల్లో మారుస్తున్నారు అన్నవి వెనకబడిపోతాయి. సెస్ సభ్యులు వచ్చే ఎన్నికల్లో అభ్యర్థులను ఈ రెండు ప్రశ్నలతో మొదలుపెట్టి అడగాలి.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఒక మాట. సంఘం పరిధిలో ఇల్లు అమ్మి వేరే ఊరికి వెళ్లినా మీ పేరున రాసిన క్రెడిట్లు రద్దు కావు. చెక్కు పంపే రోజుకు మీ చిరునామా వాళ్ల దగ్గర ఉండాలి, అంతే. టెక్సస్‌లోనైతే ఎవరూ అడగని సొమ్మును స్కాలర్‌షిప్పుల వంటి పనులకు వాడుకోవడానికి చట్టం సంఘాలకు వీలిచ్చింది. పాత సంఘానికి కొత్త చిరునామా రాసి పంపండి. ఇప్పుడున్న సంఘం నుంచి బ్యాలెట్ వస్తే ఆ కవరు విప్పి, ఓటు వేసి పంపండి.