గడప ఇక్కడ... గడువు అక్కడ!

బంధువుల పెళ్లికని అమెరికా నుంచి చీరాల వస్తారు అమ్మానాన్నలు. నాలుగు నెలలుండి వెళ్లిపోదామనుకుంటారు. ఈలోగా ఆయనకు మోకాలి ఆపరేషన్, ఆపైన పొలం కౌలు లెక్కలు... చూస్తుండగానే ఏడాది! గ్రీన్‌కార్డు ఉందిగా అన్న ధీమా అక్కడే దెబ్బతీస్తుంది.

గ్రీన్‌కార్డంటే రాకపోకలకిచ్చే పాసు కాదు, అమెరికాలోనే కాపురముంటామన్న మాట. ఆర్నెల్లు దాటి బయట ఉంటే తిరిగి వెళ్లినప్పుడు విమానాశ్రయంలో ప్రశ్నలు తప్పవు. ఏడాది దాటితే ఒక్క కార్డు చూపించి లోపలికి వెళ్లడం కుదరదు. ఎక్కువకాలం ఉండాల్సి వస్తుందనుకుంటే రీఎంట్రీ పర్మిట్‌కి ఐ-131 దరఖాస్తు పెట్టుకోవాలి. అది సాధారణంగా రెండేళ్లు పనికొస్తుంది. అయితే, దరఖాస్తు చేసేనాటికి అమెరికాలోనే ఉండాలి. ఇక్కడికొచ్చాక పెడతామంటే చెల్లదు.

అర్హత ఉంటే అమెరికా పౌరసత్వం తీసుకుని, ఓసీఐ కార్డుతో సొంతూళ్లో ఎన్నాళ్లయినా ఉండొచ్చు. విదేశీయుల నమోదు కార్యాలయానికి వెళ్లే పనీ ఉండదు. కానీ భారత పౌరసత్వం పోతుంది. ఓటుండదు, కొత్తగా పొలం కొనడానికి వీల్లేదు. పెద్దవాళ్లు తటపటాయించేది అందుకే.

కాబట్టి ఆవకాయ జాడీ సర్దేముందు అమెరికాలో విమానం ఎక్కిన తేదీ ఓసారి చూసుకోండి. లెక్క అక్కణ్నుంచే మొదలు!