"సముద్రమా? నేనా?" అని అడిగితే ఏం చెప్పాలి?

ఈరోజు ఎపిసోడ్ కొంచెం పర్సనల్.

మాది నెల్లూరు జిల్లా, మైపాడు దగ్గర ఊరు. మా నాయనలాగే నేనూ వేటకి పోతాను. నేను ప్రేమించిన అమ్మాయిది నెల్లూరు టౌన్. ఒకరోజు సూటిగా అడిగేసింది: "సముద్రమా? నేనా? తేల్చుకో."

ముందు కోపమొచ్చింది. తర్వాత అర్థమైంది. తన బాధ సముద్రంతో కాదు, నా ఫోన్ కలవని గంటలతో. ఒడ్డు నుంచి దూరం పోయాక సిగ్నల్ ఉండదు కదా. నాకది ప్రశాంతత. తనకి నరకం.

ఆ భయం ఊరికే రాలేదు. గుజరాత్‌కి వలసపోయి వేట చేస్తున్న మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2018 నవంబర్‌లో పాకిస్తాన్‌కి పట్టుబడ్డారు. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగొచ్చారు. 'తండేల్' సినిమాకి ఆధారం ఆ ఘటనే. మనం రెండున్నర గంటల్లో చూసేశాం. ఇంట్లో ఆడవాళ్లు ఏడాదికి పైగా ఎదురుచూశారు.

మరి మానేయొచ్చు కదా అంటారా? చేపలు గుడ్లు పెట్టే కాలమని మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. ఆ రెండు నెలలూ తనని రోజూ కలుస్తాను. అయినా పదో రోజుకే తెల్లారుజామున లేచి గాలి ఎటు తిరిగిందో చూస్తుంటాను. ప్రేమ తక్కువై కాదండీ. చిన్నప్పటి నుంచి నేర్చుకున్న పని అది. గాలి, అల, నీటి రంగు చూసి చెప్పే విద్యకి ఒడ్డు మీద విలువ లేదు.

అందుకే ఒక ఒప్పందానికొచ్చాం. ఎవరితో పోతున్నానో, ఎప్పుడొస్తానో ముందే చెప్పాలి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు, గాలి వేగం ముందే చెప్తుంది. దాని 'సముద్ర' యాప్ ఇద్దరి ఫోన్లలోనూ ఉంది. హెచ్చరిక ఉంటే, ఎంత నష్టమైనా సరే, పోను. లైఫ్ జాకెట్ తప్పనిసరి. చెప్పిన టైం దాటితే తను ముందు బోటు ఓనర్‌కి, తర్వాత కోస్ట్ గార్డ్ నంబర్ 1554కి ఫోన్ చేస్తుంది.

భయం పోయిందా అంటే, లేదు. వాళ్ల నాన్న ఇంకా పెళ్లికి ఒప్పుకోలేదు కూడా. కానీ "సముద్రమా, నేనా" అని మాత్రం తను మళ్లీ అడగలేదు. ఇప్పుడు అడిగేది ఒక్కటే: "రేపు అల ఎంత ఉంటుందంట?"

మీ వాళ్లెవరైనా వేటకి పోతుంటే 1554 ఇప్పుడే సేవ్ చేసుకోండి. ఉంటాను మరి.